అవ్వ మతికి మార్కులెట్లా వేద్దాం?



శామీర్‌పేట చెరువు దాటి, రాజీవ్ రహదారి మీంచి తుర్కపల్లి దిక్కు మళ్లితే రెండు పక్కలా పొడవాటి ప్రహరీలు కనిపిస్తాయి. అది జీనోమ్ వ్యాలీ. 1999లో మొదలైంది. అంతకుముందు ఈ చుట్టుపక్కల ఊళ్లు ద్రాక్షతోటలకు పేరుపడ్డవి. ఇప్పుడు టీకాలకూ మందులకూ పేరుపడ్డాయి. మెదడు మీద పరిశోధన అనగానే మన మనసు నేరుగా ఆ గోడల లోపలికే పోతుంది. తెల్లకోట్లు, గాజు సీసాలు, పెద్ద పెద్ద యంత్రాలు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఎక్కువగా గోడల బయటి సంగతి. అరుగు మీద కూర్చోబెట్టి, ఓ ముసలమ్మను నాలుగు ప్రశ్నలు అడిగి చేసే పరిశోధన. చూడ్డానికి ఇది సులువు. నా లెక్కలో మాత్రం యంత్రాల పని కన్నా ఇదే కష్టం.

గోడల లోపలి మాట అసలు చెప్పకుండా దాటేస్తే అన్యాయమవుతుంది. మెదడువాపు వ్యాధి సంగతి మన పాతతరం తల్లులకు బాగా తెలుసు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనే వైరస్ అది. పందుల్లో, కొంగజాతి పక్షుల్లో ఉంటుంది. వరిమళ్ల నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని పిల్లలకు అంటిస్తుంది. జ్వరం, ఫిట్స్, ఆపైన స్పృహ తప్పడం. మెదడుదాకా ముదిరినవాళ్లలో నూటికి ముప్ఫైమంది దాకా చనిపోవచ్చు. బతికినవాళ్లలోనూ ముప్ఫై నుంచి యాభైమందికి మాటో, నడకో, చదువో దెబ్బతినిపోతుంది. ఈ జబ్బుకు జెన్‌వ్యాక్ అనే టీకాను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి 2013లో తెచ్చింది ఇక్కడి భారత్ బయోటెక్. ఆ టీకాకు మూలమైన వైరస్ కర్ణాటకలోని కోలారు జిల్లా రోగి నుంచి తీసింది. కోలారు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. శామీర్‌పేట దగ్గర కర్మాగారమున్న బయలాజికల్ ఇ సంస్థ కూడా జీవ్ అనే పేరుతో ఇదే జబ్బుకు టీకా చేసింది. పిల్లల మెదడును కాపాడే పని ఈ ప్రాంతంలో ఇంతగా జరిగింది.

మరి అరవై దాటిన మెదడు? దానికి టీకా లేదు. మందులూ అంతంతమాత్రమే. హైదరాబాద్‌కు చెందిన సువెన్ సంస్థ మతిని హరించే అల్జీమర్స్ జబ్బు కోసం మాసుపిర్డీన్ అనే మందును తయారుచేసి, అమెరికాలో సుమారు 560 మంది రోగుల మీద పరీక్షించింది. వాళ్లంతా అప్పటికే రెండు రకాల మందులు వాడుతున్నవాళ్లు, దీన్ని మూడోదిగా కలిపి ఇచ్చారు. 2019 చివర్లో ఫలితం వచ్చింది. జ్ఞాపకశక్తి విషయంలో ఆశించిన మేలు కనబడలేదు. అదే మందును ఇప్పుడు అల్జీమర్స్ రోగుల్లో వచ్చే చిరాకు, ఆందోళన తగ్గించడానికి పనికొస్తుందేమో చూస్తున్నారు. మన ఊరి మందు అక్కడివాళ్ల మీద పరీక్షకు పోవడం వింతగా అనిపించవచ్చు. సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుందని కదా మన ఫిర్యాదు! ప్రపంచమంతా ఈ జబ్బు మందుల్లో ఎక్కువ భాగం ఇలాగే పరీక్షల మెట్ల మీద జారిపడ్డాయి. మందు చెడ్డదన్నది ఒక్కటే కారణం కాకపోవచ్చు. జబ్బు బయటపడేసరికే మెదడులో పదిహేను ఇరవై ఏళ్ల నష్టం జరిగిపోయి ఉంటుంది. అంటే ముందుగా పసిగట్టాలి. ముందుగా పసిగట్టాలంటే ఆస్పత్రిలో కూర్చుంటే కాదు, ఊళ్లలోకి పోవాలి.

ఊళ్లలోకి పోయినవాళ్లున్నారు. మేడ్చల్ దగ్గర ఘనపూర్‌లో మెడిసిటీ వైద్యకళాశాల ఆవరణలో షేర్ ఇండియా అనే పరిశోధన సంస్థ ఉంది. పిట్స్‌బర్గ్‌లో గుండె వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ పి.ఎస్. రెడ్డి చొరవతో ఏర్పడ్డ సంస్థ. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో కలిసి మేడ్చల్ మండలంలోని పల్లెల్లో ఏళ్ల తరబడి అధ్యయనాలు చేసింది. 2009లో మొదలైన లైఫ్ అనే అధ్యయనంలో 1,227 మంది యువతులను, గర్భం రాకముందో, వచ్చిన తొలినాళ్లలోనో చేర్చుకుని, వాళ్లనూ వాళ్లకు పుట్టిన పిల్లలనూ గమనిస్తూ వచ్చారు. మెదడు ఆరోగ్యం కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది కాబట్టి ఇదీ మన విషయమే. ఆ తర్వాత మైల్స్ అని ఇంకొకటి. అరవై దాటిన అయిదొందల పైచిలుకు ఆడామగా పెద్దవాళ్లు ఎలా నడుస్తున్నారు, తమ పనులు తాము చేసుకోగలుగుతున్నారా అని చూసింది.

నడకకూ మెదడుకూ ఏం సంబంధమని అడగొచ్చు. చాలా ఉంది. నడవాలంటే కాళ్లొక్కటే చాలవు. కన్ను, చెవి, తూకం, ఆలోచన అన్నీ కలవాలి. మనిషి నడుస్తూ మాట్లాడలేక మాట కోసం ఆగిపోతున్నాడంటే వైద్యుడు చెవులు రిక్కిస్తాడు. న్యూయార్క్‌లో పనిచేస్తున్న భారతీయ వైద్యుడు జో వర్గీస్ 2013లో ఒక సంగతి బయటపెట్టారు. నడక మందగించి, దానితోపాటు మతిమరుపు ఉందని మనిషి తానే చెప్పుకుంటుంటే, ముందుముందు డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి జబ్బులతో మతి క్షీణించే స్థితి, వచ్చే అవకాశం ఎక్కువ. దీన్ని కనిపెట్టడానికి స్కానింగ్ అక్కర్లేదు. ఒక టేపు, ఒక గడియారం, కాసింత జాగా ఉంటే చాలు. ఆశా కార్యకర్త కూడా చేయగలదు.

మతి సంగతి చూడాలన్నప్పుడే అసలు చిక్కు. లోకమంతటా వాడుకలో ఉన్న పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. మొత్తం 30 మార్కులు. ఈరోజు తారీఖు ఏమిటి, ఇది ఏ సంవత్సరం, వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ రండి, ఈ కాగితం మీద ఉన్నది చదివి అలా చేయండి, ఒక వాక్యం రాయండి, ఈ బొమ్మ చూసి గీయండి. ఇప్పుడు దీన్ని పట్టుకుని మన పల్లెకు పోయారనుకుందాం. బడిమొహం చూడని డెబ్భై ఏళ్ల అవ్వ గడపలో కూర్చుని ఉంది.

"అవ్వా, ఇయ్యాల తారీఖు ఎంత?"

"తారీఖు నాకెందుకు బిడ్డా? మొన్న అమాస పోయింది. ఎల్లుండి నా మనుమరాలు అత్తగారింటి నుంచి వస్తది."

"వందల కెళ్లి ఏడు తీసేస్తే?"

"నాకు గవన్నీ రావు. పాలోనికి ఎంతియ్యాల్నో అడుగు, చెప్త."

కాగితం లెక్కలో రెండు ప్రశ్నలకూ సున్నా. వినేవాళ్లకు మాత్రం తెలుస్తూనే ఉంది, ఈమెకు తిథి తెలుసు, ఎవరు ఎప్పుడు వస్తారో తెలుసు, ఇంటి పద్దు తెలుసు. కలం పట్టి వాక్యం రాయమన్నప్పుడు ఇంకో మార్కు పోతుంది. బొమ్మ గీయమన్నప్పుడు, జన్మలో పెన్సిల్ పట్టని చేయి వణుకుతుంది, అక్కడా పోతుంది. 30కి 17 వచ్చాయని ఆమెను డిమెన్షియా కింద రాసేస్తే, అది ఆమె మెదడు లోపం కాదు, చిన్నప్పుడు ఆమెను బడికి పంపని ఊరి లోపం.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. బాగా చదువుకుని పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి ఇదే పరీక్షలో 28 తెచ్చుకుంటాడు. ఇంట్లోనేమో కరెంటు బిల్లు రెండుసార్లు కడతాడు, తెలిసిన దారిలో తప్పిపోతాడు. చదువు అతని జబ్బును కొన్నేళ్లు కప్పిపెడుతుంది. అంటే పలక పట్టని మనిషికి లేని జబ్బును అంటగడుతున్నాం, పట్టా ఉన్న మనిషిలో ఉన్న జబ్బును వదిలేస్తున్నాం. రెండూ ఒకే కాగితంతో!

ఈ సంకటాన్ని మన దేశంలో ముందుగా గట్టిగా ఎదుర్కొన్నది హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో. పిట్స్‌బర్గ్ మనోవైద్యురాలు మేరీ గంగూలీ, ఇక్కడి వైద్యులతో కలిసి 1995లో పరీక్షను హిందీలో తిరగరాశారు. తిరగరాయడమంటే అనువాదం కాదు. కాగితం మీద 'కళ్లు మూసుకోండి' అని రాసి చదవమనే బదులు, నా మొహం చూడండి, నేను చేసినట్టే చేయండి అని చెప్పి పరీక్షకుడు కళ్లు మూసుకుంటాడు. ఇది పొద్దునా మధ్యాహ్నమా సాయంత్రమా అని అడుగుతారు. దానికి జోడుగా మనిషి రోజువారీ పనుల మీద ఇంటివాళ్లను అడిగే ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. ఇది నాకు అన్నిటికన్నా తెలివైన పని అనిపిస్తుంది. ఎందుకంటే మతి పోవడమంటే మార్కులు తగ్గడం కాదు. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయలేకపోవడం. నిన్నటిదాకా ఏం చేసేదో చెప్పగలిగేది ఇంట్లో ఉండే మనిషే. మన దగ్గర ఎక్కువగా కోడలు. కోడలి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అంటారా, అది పరిశోధకుల తలనొప్పే. "మా అత్త ఎప్పటికెళ్లి గట్లనే" అనే జవాబును ఏ గడిలో నింపాలో ఏ మార్గదర్శిలోనూ ఉండదు.

తెలుగుకు ఈ పని హైదరాబాద్ నిమ్స్‌లో జరిగింది. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం అక్కడి మెమరీ క్లినిక్‌లో తెలుగులో పరీక్షలను సిద్ధం చేసింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాలకు కలిపి ఒక పరీక్షల పెట్టెనే తయారుచేయించింది. దాని వివరాలు 2020లో అచ్చయ్యాయి. అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే దేశంలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. ఆడవాళ్లలో నూటికి 9, మగవాళ్లలో 5.8. పల్లెల్లో పట్నాలకన్నా ఎక్కువ. ఎవరికి బడి అందలేదో అటే అంకె పెరుగుతోంది చూడండి. అందులో ఎంత నిజంగా జబ్బు, ఎంత పరీక్ష చేసిన తప్పు అనే వాదన ఇంకా తెగలేదు. ఆ అధ్యయనం చేసినవాళ్లు దీన్ని గమనించకపోలేదు, ఇంటివాళ్ల మాటనూ లెక్కలోకి తీసుకున్నారు.

వయసు రాసుకోవడం కూడా తేలిక కాదు. అరవై అయిదు దాటాక ఈ జబ్బు ముప్పు ప్రతి అయిదేళ్లకూ సుమారు రెట్టింపవుతుంది కాబట్టి అయిదేళ్ల తేడా చిన్నదేం కాదు. ఆధార్ కార్డు చూస్తే ఊళ్లో చాలామంది జనవరి 1నే పుట్టినట్టుంటుంది. అందుకని ఊరి సంఘటనలతో వయసు లెక్కగడతారు. పోలీస్ యాక్షన్ నాటికి ఎంతదానివి? 69 తెలంగాణ గడబిడప్పుడు పెండ్లయిందా? ఎమర్జెన్సీలో పెద్దకొడుకు పుట్టిండా? జవాబుల్లోంచి పుట్టిన ఏడు బయటికి లాగాలి. ఈ పని చేసే ఊరి పిల్లల పేర్లు, అదే ఫీల్డు వర్కర్ల పేర్లు, పరిశోధన పత్రాల చివర కృతజ్ఞతల వరసలో కూడా సరిగా రావు. నాకు అది బాధ.

నిమ్స్ బృందం 2013లో ప్రచురించిన మరో పరిశోధన ప్రపంచమంతా చర్చ లేపింది. డిమెన్షియా ఉన్న 648 మంది రోగుల వివరాలు పరిశీలించారు. వాళ్లలో 391 మంది ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు భాషలవాళ్లలో 65.6 ఏళ్లకు మొదలైంది. నాలుగున్నరేళ్ల తేడా. చదువు అసలు లేనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. కెనడాలో ఇలాంటి పరిశోధన అంతకుముందు వచ్చింది కానీ, అక్కడ రెండు భాషలవాళ్లంటే ఎక్కువగా వలస వచ్చినవాళ్లు. వలసకు తెగించినవాళ్ల ఆరోగ్యం వేరుగా ఉండొచ్చు కదా అనే అనుమానం మిగిలింది. హైదరాబాద్‌లో ఆ అనుమానానికి తావు లేదు. తెలుగు ఇంట్లో పుట్టి, ఉర్దూలో బేరమాడి, హిందీ సినిమా చూసే మనిషి ఈ ఊరివాడే. మేడ్చల్‌లోనూ అంతే. తెలుగు, దక్కనీ, తండాల్లో లంబాడీ, ఫ్యాక్టరీల దగ్గర ఒడియా, భోజ్‌పురి. అయితే ఒక మాట. ఈ అధ్యయనం ఆస్పత్రికి వచ్చినవాళ్ల మీద జరిగింది. ఎవరిని ఎప్పుడు ఆస్పత్రికి తీసుకొచ్చారన్నది కూడా ఫలితాన్ని మార్చగలదు. ఉర్దూ నేర్చుకుంటే అల్జీమర్స్ రాదని దీన్నిబట్టి ఎవరైనా అంటే నమ్మకండి. జబ్బు ఆగలేదు, ఆలస్యమైంది, అదీ సగటున.

ఊళ్లో మనుషుల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ పోతే తప్ప ఇలాంటి చిక్కుముడులు విప్పలేం. కోలారు అన్నాను కదా. ఆ జిల్లా శ్రీనివాసపురలో, తెలుగు ఇళ్లు దండిగా ఉన్న పల్లెల్లో, బెంగళూరు భారత విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం 45 దాటిన పదివేలమందిని చేర్చుకుని ఏళ్లపాటు చూడాలనే లక్ష్యంతో పనిచేస్తోంది. జ్ఞాపకశక్తి, రక్తం, నడక, మెదడు స్కాను అన్నీ. మేడ్చల్‌లో అంత పెద్దది, మెదడు కోసమే పెట్టుకున్నది ఉంటే బాగుండునని నా ఆశ. కానీ మేడ్చల్‌కు ఒక ఇబ్బంది ఉంది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. పొలం ప్లాట్లయింది. తాత పొలం అమ్మి కొడుకు వెంట కొంపల్లి ఫ్లాట్‌కు మారాడు. మొదటి ఏడు అరుగు మీద కూర్చుని జవాబులు చెప్పిన మనిషి మూడో ఏటికి ఆరో అంతస్తులో ఉంటాడు. వాచ్‌మన్ లోపలికి వదలడు. పట్నం మీదికి వచ్చాక ఆ తాత నడక తగ్గింది, పలకరించేవాళ్లు తగ్గారు, బీపీ పెరిగింది. మెదడు మీద పట్నం ప్రభావం చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు ఉండదు, అదే సమయంలో మనుషుల్ని ఇంతగా పోగొట్టుకునే చోటూ ఉండదు.

పరిశోధన అంటూ మన గడప ఎక్కినవాళ్లకు మనం జవాబివ్వాలా? ఈ ప్రశ్నకు మన ప్రాంతంలో చేదు అనుభవం ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే విదేశీ సంస్థ, ప్రభుత్వంతో కలిసి, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు నడిపింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ హాస్టల్ వార్డెన్లే చాలామంది పిల్లల తరఫున సంతకాలు పెట్టారని బయటపడింది. పార్లమెంటు స్థాయీసంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి, 2019లో కొత్త క్లినికల్ ట్రయల్స్ నియమావళి వచ్చింది. మందుల పరీక్షలన్నీ బహిరంగ జాబితాలో నమోదు కావాలి. చదువు రానివారు వేలిముద్ర వేస్తే, సంస్థతో సంబంధం లేని సాక్షి ఎదుట వేయాలి. మతి తప్పిన మనిషి తరఫున చట్టబద్ధమైన ప్రతినిధి ఒప్పుకోవాలి. బలహీన స్థితిలో ఉన్నవారి మీద కొత్త మందు పరీక్షిస్తుంటే ఒప్పించే తీరును వీడియో తీయాలి. కాబట్టి ఎవరైనా వస్తే మొహమాటపడకండి. నీతి సంఘం అనుమతి పత్రం చూపించమనండి. రక్తం ఎందుకు, ఎక్కడికి పంపుతారు, జబ్బు బయటపడితే నాకు చెప్తారా, నష్టం జరిగితే ఖర్చు ఎవరిది అని అడగండి. మధ్యలో వద్దనుకుంటే మానేసే హక్కు ఎప్పుడూ ఉంది. తడబడకుండా జవాబు చెప్పినవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. వాళ్ల పని మనకు కావాలి.

ఎందుకు కావాలో 2025లో చైనా నుంచి వచ్చిన ఒక ఫలితం చెబుతుంది. 326 పల్లెల్లో బీపీ ఉన్న దాదాపు 34 వేలమందిని తీసుకున్నారు. సగం పల్లెల్లో డాక్టరు కాని ఊరి ఆరోగ్య కార్యకర్తలే బీపీ కొలిచి, ఒక పద్ధతి ప్రకారం మాత్రలిచ్చి, మానేయకుండా వెంటపడ్డారు. మిగతా పల్లెల్లో మామూలుగా జరిగేదే జరిగింది. నాలుగేళ్లకు చూస్తే వెంటపడ్డ పల్లెల్లో డిమెన్షియా 15 శాతం తక్కువ. కొత్త మందేమీ కాదు. మన పల్లె దవాఖానలో ఏఎన్ఎమ్ ఇచ్చే రకం బీపీ గోలీలే! తల తిరగడం తగ్గిందని మనవాళ్లు నెలకే మానేసే గోలీలే. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో మార్చుకోగలిగిన కారణాలు 14 చెప్పింది. వాటిలో బీపీ, షుగర్, పొగ, మద్యం, తలకు దెబ్బలతోపాటు చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం కూడా ఉన్నాయి. ఇవన్నీ అదుపులో ఉంటే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు సగం ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని లెక్కగట్టారు. శుక్లాలు తీయించుకోని తాతకు, వినబడని అవ్వకు "మతి పోయింది" అని ముద్ర వేసేముందు కంటి క్యాంపుకూ, చెవి డాక్టరు దగ్గరికీ తీసుకుపోవడం మంచిది.

ఒక్క విషయంలో మాత్రం ఆలోచించుకుంటూ కూర్చోవద్దు. మూతి ఒక పక్కకు పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం హఠాత్తుగా కనిపిస్తే అది పక్షవాతం. ఆకుపసరు, మసాజు అని తిప్పకండి. 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది, అది కూడా స్కాన్ తీశాకే ఇస్తారు. అందుకే స్కాన్ ఉన్న ఆస్పత్రికే పోవాలి.

ఇంట్లో పెద్దవారి మతిమరుపు గురించి ఎవరిని అడగాలో తోచకపోతే, వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది. నంబరు 14567. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులోనే మాట్లాడతారు. కాగితం అందుబాటులో ఉంటే రాసుకోండి, మళ్లీ చెబుతున్నాను. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు.